ఆయుధ లైసెన్సుకు నివాసమే పునాది
చిరునామా, పరిధి, బదిలీ నిబంధనలపై వివరణ

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: ఆత్మరక్షణ నిమిత్తం రివాల్వరు గాని, పిస్టలు గాని కలిగి ఉండదలచిన పౌరుడు ముందుగా ఆలోచించేది ఏ రకం ఆయుధం కొనాలి, ఎంత ఖర్చవుతుంది అనే విషయాలను గురించే. చట్టం మాత్రం ఆయనను మొదట అడిగే ప్రశ్న వేరు. "మీరు ఎక్కడ నివసిస్తున్నారు?" అన్నదే ఆ ప్రశ్న. దరఖాస్తును ఏ అధికారి స్వీకరించాలి, ఏ పోలీసుస్టేషను విచారణ జరపాలి, లైసెన్సును ఎవరు పునరుద్ధరించాలి, ఎన్నికల సమయంలో ఆ ఆయుధాన్ని ఎక్కడ అప్పగించాలి అన్న విషయాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే సమాధానంపైనే ఆధారపడి ఉంటాయి. నివాసం విషయంలో అవగాహన లోపించడం వల్ల అర్హులైన వారు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుండగా, అదే లోపాన్ని ఆసరాగా చేసుకొని అనర్హులు దూర ప్రాంతాల నుంచి లైసెన్సులు సంపాదిస్తున్న సందర్భాలూ లేకపోలేదు. ఈ నేపథ్యంలో ఆయుధ లైసెన్సుకు సంబంధించిన నివాస నిబంధనలను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసంలో వివరించడం జరుగుతోంది.

చట్ట నేపథ్యం

బ్రిటిష్ పాలనలో లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో 1878 సంవత్సరపు భారత ఆయుధ చట్టం అమలులోకి వచ్చింది. భారతీయులను నిరాయుధులుగా ఉంచడం, ఐరోపా వాసులకు మినహాయింపులు ఇవ్వడం ఆ చట్టం స్వభావం. స్వాతంత్ర్యానంతరం పార్లమెంటు దాని స్థానంలో 1959 సంవత్సరపు ఆయుధ చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. దీని కింద రూపొందించిన 1962 నాటి నియమావళి స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2016 జూలై 15న కొత్త ఆయుధ నియమావళిని ప్రకటించింది. 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించగా, ఆ సవరణలు అదే సంవత్సరం డిసెంబరు 14 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు కాలపరిమితి మూడు సంవత్సరాల నుంచి ఐదు సంవత్సరాలకు పెరిగింది.

మన రాజ్యాంగం ఆయుధ ధారణను ప్రాథమిక హక్కుగా పేర్కొనలేదు. పైపెచ్చు 19వ అధికరణ పౌరులకు ప్రసాదించిన సమావేశ స్వేచ్ఛ సైతం "శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా" అన్న నియమానికి లోబడి ఉన్నదే. కాబట్టి తుపాకీ లైసెన్సు అన్నది ప్రభుత్వం షరతులతో మంజూరు చేసే అనుమతి. ఆ షరతులలో నివాసం మొదటిది.

దరఖాస్తు ఎవరికి సమర్పించాలి?

దరఖాస్తుదారుడు సాధారణంగా నివసించే ప్రదేశంపై గాని, ఆయన వృత్తి వ్యాపారాలు సాగించే ప్రదేశంపై గాని అధికార పరిధి గల లైసెన్సింగ్ అధికారికే దరఖాస్తు సమర్పించాలన్నది మూల సూత్రం. వ్యక్తులు ఏ-1 నమూనాలో దరఖాస్తు చేయాలి. జిల్లాలలో ఈ అధికారం జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు ఉంటుంది. పోలీసు కమిషనరును నియమించిన ప్రాంతాలలో 'జిల్లా మేజిస్ట్రేటు' అంటే పోలీసు కమిషనరే అని చట్టంలోని 2వ సెక్షను స్పష్టంగా నిర్వచించింది. అందువల్ల విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు వంటి కమిషనరేట్ల పరిధిలో నివసించేవారు కమిషనరు కార్యాలయాన్ని సంప్రదించవలసి ఉంటుంది. నిషిద్ధ శ్రేణికి చెందిన ఆయుధాల విషయం కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. సాధారణ పౌరులు సర్వసాధారణంగా కోరే 0.32 బోరు రివాల్వరు, పిస్టలు వంటివి నిషిద్ధేతర శ్రేణిలోకి వస్తాయి.

ఇక్కడ "గాని" అన్న పదాన్ని గమనించవలసి ఉంది. ఉదాహరణకు గుంటూరులో కుటుంబంతో నివసిస్తూ విజయవాడలో నగల దుకాణం నడిపే వ్యాపారికి నివాసం ఒక పరిధిలోను, వృత్తి మరొక పరిధిలోను ఉంటాయి. ఆయన ఈ రెండింటిలో ఏదో ఒక చోట దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఒక చోట తిరస్కరించిన సంగతిని దాచి మరొక చోట దరఖాస్తు చేయడం తగదు. గతంలో చేసిన దరఖాస్తులు, తిరస్కరణలు, రద్దుల వివరాలను దరఖాస్తు నమూనాలోనే తెలియజేయవలసి ఉంటుంది.

'స్థానికత' వేరు, 'నివాసం' వేరు

తెలుగు రాష్ట్రాలలో 'లోకల్' అన్న మాట వినగానే రాజ్యాంగంలోని 371-డి అధికరణ, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, పాఠశాలలో చదివిన సంవత్సరాల లెక్క గుర్తుకు వస్తాయి. విద్యాసంస్థల ప్రవేశాలలోను, ప్రభుత్వోద్యోగాలలోను స్థానిక అభ్యర్థి హోదాను నిర్ణయించేందుకు ఉద్దేశించిన ఆ నిబంధనలకు, ఆయుధ లైసెన్సుకు ఎటువంటి సంబంధం లేదు. దరఖాస్తుదారుడు ఎక్కడ జన్మించాడు, ఎక్కడ చదివాడు, ఆయన మాతృభాష ఏది, పూర్వీకుల ఊరు ఏది అన్నవి ఇక్కడ అప్రస్తుతం. ఫలానా ఊరిలో ఇన్ని సంవత్సరాలు నివసించి ఉండాలన్న నియమం కూడా చట్టంలో లేదు. ప్రస్తుత చిరునామాలో ఎప్పటి నుంచి నివసిస్తున్నదీ దరఖాస్తులో తెలియజేస్తే, అది వాస్తవమా కాదా అన్నదే విచారణాంశం.

'సాధారణ నివాసం' అన్న భావనను గ్రహించడానికి ఓటర్ల జాబితాలకు సంబంధించిన 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం తోడ్పడుతుంది. ఒక నియోజకవర్గంలో ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తి అక్కడ సాధారణ నివాసి కాబోడని, పని మీద తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసి కాకపోడని ఆ చట్టంలోని 20వ సెక్షను పేర్కొన్నది. ఆ నిర్వచనం ఓటు హక్కుకు సంబంధించినదే అయినప్పటికీ అందులోని లోకజ్ఞానం ఇక్కడా వర్తించదగినదే. స్వగ్రామంలో తాళం వేసి ఉన్న పెంకుటిల్లు నివాసం కాదు. నగరంలో అద్దెకు తీసుకొని, పిల్లలను బడికి పంపుతూ, రోజూ రాత్రి తిరిగి వచ్చి పడుకొనే రెండు గదుల వాటా నివాసం అవుతుంది.

నివాస ధ్రువీకరణకు పత్రాలు

2016 నియమావళి ప్రకారం ఆధార్ కార్డు ప్రధాన గుర్తింపు పత్రం. ఆధార్ లేనివారు ఆ విషయాన్ని రాతపూర్వకంగా తెలియజేస్తూ పాస్‌పోర్టు, ఓటరు గుర్తింపు కార్డు, పాన్ కార్డు వంటి ప్రత్యామ్నాయ పత్రాన్ని జతపరచవచ్చు. ఆధార్ గాని, పాస్‌పోర్టు గాని సమర్పించని పక్షంలో నివాస రుజువుగా ఓటరు గుర్తింపు కార్డు, విద్యుత్ బిల్లు, ల్యాండ్‌లైన్ టెలిఫోను బిల్లు, అద్దె ఒప్పందం, లీజు దస్తావేజు, ఆస్తి పత్రాలు వంటి వాటిని స్వీకరిస్తారు. లైసెన్సింగ్ అధికారికి సంతృప్తికరమైన మరే ఇతర పత్రాన్నయినా పరిగణనలోకి తీసుకునే వెసులుబాటు ఉంది. తహసీల్దారు జారీ చేసే నివాస ధ్రువీకరణ పత్రం ఈ కోవకు చెందినదే.

తరచుగా ఎదురయ్యే చిక్కు ఆధార్‌లోని చిరునామా పాతది కావడం. ఉద్యోగరీత్యా జిల్లా మారిన వ్యక్తి ఆధార్‌లో స్వగ్రామం పేరే ఉంచి, దరఖాస్తులో నగర చిరునామా రాసినప్పుడు రెండింటికీ పొంతన కుదరక విచారణ నిలిచిపోతుంది. కాబట్టి దరఖాస్తుకు ముందే ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పాసు పుస్తకం వంటి వాటిలో చిరునామాను సరిచేయించుకోవడం శ్రేయస్కరం. ఇంటి నంబరు మారిన చోట పాత, కొత్త నంబర్లు రెండింటినీ దరఖాస్తులో పేర్కొంటే విచారణకు వచ్చే సిబ్బందికి సౌకర్యంగా ఉంటుంది.

సొంత ఇల్లు, ఆస్తి తప్పనిసరి కాదు

ఆయుధ లైసెన్సు ధనవంతులకు, భూస్వాములకు మాత్రమే ఇస్తారన్న అపోహ గ్రామీణ ప్రాంతాలలో నేటికీ ఉంది. ఈ అపోహకు చట్టంలో తావు లేదు. దరఖాస్తుదారునికి తగినంత ఆస్తి లేదన్న ఏకైక కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షనులోని రెండవ ఉపసెక్షను విస్పష్టంగా నిర్దేశించింది. అద్దె ఒప్పందం నివాస రుజువుల జాబితాలోనే ఉన్నందున, అద్దె ఇంటిలో ఉంటున్నారన్న కారణంగా నివాసాన్ని తోసిపుచ్చడం కూడా నియమావళికి విరుద్ధం. ప్రాణభయం ఉన్న అద్దెదారునికి, అదే వీధిలో సొంత మేడ గల వానికి చట్టం దృష్టిలో తేడా లేదు. ఇద్దరూ రుజువు చేయవలసినవి రెండే. అక్కడ వాస్తవంగా నివసిస్తున్నారన్నది ఒకటి, ఆయుధం కావాలనడానికి సహేతుకమైన కారణం ఉందన్నది రెండవది.

నివాసంతోనే లైసెన్సు రాదు

నివాసం నిరూపణ అయినంత మాత్రాన లైసెన్సు మంజూరు కాదన్న విషయాన్ని కూడా గమనించవలసి ఉంది. చేతి తుపాకీ విషయంలో తగిన కారణం ఉందని లైసెన్సింగ్ అధికారి సంతృప్తి చెందాలి. వ్యాపారం, వృత్తి, ఉద్యోగాల స్వభావం వల్ల ప్రాణానికి గాని ఆస్తికి గాని రక్షణ నిజంగా అవసరమైన వారిని, షూటింగ్ క్లబ్బులలో గత రెండేళ్లుగా క్రియాశీలకంగా ఉన్న క్రీడాకారులను, రక్షణ దళాలు, కేంద్ర సాయుధ బలగాలు, రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేస్తున్న లేదా పనిచేసిన వారిని పరిగణనలోకి తీసుకోవాలని నియమావళి సూచిస్తోంది. దరఖాస్తుదారునికి 21 సంవత్సరాలు నిండి ఉండాలి. మానసిక, శారీరక ఆరోగ్యంపైన, మత్తు పదార్థాలకు బానిస కాదన్న విషయంపైన వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీ పత్రం జతపరచాలి. ఆయుధ వినియోగంలో భద్రతా శిక్షణను కూడా 2016 నియమావళి ప్రవేశపెట్టింది.

భద్రంగా ఉంచడం అన్నది కూడా ఒక విధంగా నివాసానికి సంబంధించిన అంశమే. తుపాకీని ఉంచే బీరువా ఏ ఇంటిలో ఉంది, ఆ ఇంటిలో పిల్లలు ఉన్నారా, తాళం ఎవరి వద్ద ఉంటుంది అన్న ప్రశ్నలకు కాగితం మీది చిరునామా సమాధానం చెప్పజాలదు. వాస్తవంగా నివసించే ఇల్లు మాత్రమే చెప్పగలదు.

పోలీసు విచారణ

దరఖాస్తు అందిన తరువాత లైసెన్సింగ్ అధికారి సమీప పోలీసుస్టేషను అధికారి నుంచి నివేదిక కోరడం 13వ సెక్షను ప్రకారం తప్పనిసరి. స్టేషను సిబ్బంది చిరునామాను సందర్శించి నివాసాన్ని నిర్ధారించుకోవడంతో పాటు దరఖాస్తుదారుని నడవడి, కేసులు, ఇరుగుపొరుగుతో వివాదాలు, ఆయన పేర్కొన్న ప్రాణభయం వాస్తవికత వంటి అంశాలను పరిశీలిస్తారు. దరఖాస్తుదారుడు నిజంగా నివసించే ప్రాంతపు స్టేషనుకు మాత్రమే ఈ వివరాలు తెలుస్తాయి. మరొక జిల్లాలోని స్టేషను ఆయన గురించి "ప్రతికూల సమాచారం లేదు" అని రాస్తే, అక్షరాలా అది నిజమే కావచ్చు. ఆయన అక్కడ ఎన్నడూ నివసించి ఉండకపోవడమే అందుకు కారణం. చట్టం నివాసానికి ఇంతటి ప్రాధాన్యం ఇవ్వడంలోని ఆంతర్యం ఇదే.

నిర్ణీత గడువులోగా పోలీసు నివేదిక అందని పక్షంలో, తగునని భావిస్తే లైసెన్సింగ్ అధికారి దానికోసం వేచి ఉండకుండానే ఉత్తర్వులు జారీ చేయవచ్చునని అదే సెక్షను పేర్కొన్నది. దరఖాస్తును తిరస్కరించినప్పుడు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజా ప్రయోజనాలకు భంగకరం కాని సందర్భాలలో, దరఖాస్తుదారుడు కోరితే ఆ కారణాల సంక్షిప్త ప్రతిని ఇవ్వాలి. తిరస్కరణపై నిర్ణీత గడువులోగా అప్పీలు చేసుకొనే హక్కును 18వ సెక్షను కల్పించింది.

నివాసం మారితే 30 రోజులలో సమాచారం

లైసెన్సు పొందిన తరువాత కూడా నివాస నియమం వెంట వస్తూనే ఉంటుంది. లైసెన్సుదారుడు శాశ్వతంగా గాని, నిర్ణీత కాలానికి మించి తాత్కాలికంగా గాని ఆయుధంతో సహా మరొక చోటికి మారినప్పుడు, ఆ మార్పు జరిగిన 30 రోజులలోగా కొత్త నివాస ప్రాంతపు లైసెన్సింగ్ అధికారికి, లైసెన్సు మంజూరు చేసిన లేదా చివరిసారి పునరుద్ధరించిన అధికారికి తెలియజేయాలి. కొత్త చిరునామా నమోదు నిమిత్తం లైసెన్సును, ఆయుధాన్ని కొత్త అధికారి ఎదుట హాజరుపరచాలి. ఒకే జిల్లాలో ఒక స్టేషను పరిధి నుంచి మరొక స్టేషను పరిధికి మారిన సందర్భంలో సైతం చిరునామాను సరిచేయించుకోవడం మేలు.

ఈ నియమాన్ని చిన్న విషయంగా భావించరాదు. లైసెన్సు షరతులను ఉల్లంఘించడం 30వ సెక్షను కింద శిక్షార్హమైన నేరం. షరతు ఉల్లంఘన లైసెన్సు సస్పెన్షనుకు, రద్దుకు కూడా కారణం కాగలదు. గడువు ముగిసిన లేదా రద్దయిన లైసెన్సుతో ఆయుధాన్ని ఇంటిలో ఉంచుకోవడం చట్టవిరుద్ధం. అటువంటి ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా సమీప పోలీసుస్టేషనులో గాని, లైసెన్సు పొందిన డీలరు వద్ద గాని జమచేయాలని 21వ సెక్షను ఆదేశిస్తోంది. లైసెన్సుదారుడు మరణించినప్పుడు కుటుంబ సభ్యులు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. తండ్రి లైసెన్సు కుమారునికి దానంతట అదే సంక్రమించదు.

రాష్ట్ర విభజన, జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం

ఇటీవలి సంవత్సరాలలో లైసెన్సుదారుడు కదలకపోయినా పరిపాలనా పరిధులు కదిలిన సందర్భాలు తెలుగు రాష్ట్రాలలో పలుమార్లు ఏర్పడ్డాయి. 2014 జూన్ 2న ఉమ్మడి రాష్ట్రం రెండుగా విడిపోయింది. 2016లో సచివాలయం వెలగపూడికి తరలడంతో పలువురు ఉద్యోగులు, వారి కుటుంబాలు హైదరాబాదు నుంచి కృష్ణా, గుంటూరు ప్రాంతాలకు మారారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి.

ఇటువంటి మార్పుల వల్ల లైసెన్సు పుస్తకంలో ఒక జిల్లా పేరు, ఆధార్‌లో మరొక జిల్లా పేరు కనిపించడం సహజం. ఉదాహరణకు పూర్వపు కృష్ణా జిల్లా కలెక్టరు జారీ చేసిన లైసెన్సు గల వ్యక్తి అదే ఇంటిలో ఉంటూనే నేడు ఎన్టీఆర్ జిల్లా నివాసి అయి ఉండవచ్చు. అందులో ఆయన తప్పేమీ లేదు. అయితే పునరుద్ధరణ సమయంలో ఇబ్బంది తలెత్తకుండా ప్రస్తుత పరిధిలోని కార్యాలయంలో వివరాలు సరిచూసుకోవడం అవసరం. విభజనకు ముందు హైదరాబాదులో లైసెన్సు పొంది, ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో స్థిరపడిన వారి విషయం వేరు. వారు వాస్తవంగా నివాసం మారినవారే కనుక చిరునామా మార్పు నిబంధన వారికి పూర్తిగా వర్తిస్తుంది.

తప్పుడు చిరునామాతో ముప్పు

నివాస పరిశీలన కొరవడితే ఏమి జరుగుతుందో జమ్మూ కశ్మీర్ ఉదంతం చాటి చెప్పింది. 2017లో రాజస్థాన్ పోలీసుల ఉగ్రవాద నిరోధక దళం జరిపిన దర్యాప్తుతో ఈ వ్యవహారం వెలుగులోకి వచ్చింది. అనంతరం కేంద్ర దర్యాప్తు సంస్థ సీబీఐ కేసు చేపట్టింది. 2012 నుంచి 2016 మధ్య కాలంలో అక్కడి పలు జిల్లాల నుంచి 2.78 లక్షలకు పైగా ఆయుధ లైసెన్సులు అనర్హులకు జారీ అయ్యాయన్నది ఆరోపణ అని, 2021 జూలైలో సోదాలు నిర్వహించిన సందర్భంగా ఆ సంస్థ వెల్లడించింది. లైసెన్సులు పొందినవారిలో ఆ జిల్లాలలో నివాసమే లేని ఇతర రాష్ట్రాల వారు ఉన్నారన్నది ఈ ఆరోపణలలో కీలకాంశం. జారీ అయిన ప్రతి కాగితం వెనుక ఒక తుపాకీ ఉంటుంది. అది ఏ ఊరిలో, ఏ ఇంటిలో ఉందో ఏ పోలీసుస్టేషనుకూ తెలియని స్థితి ప్రజా భద్రతకు ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనవసరం లేదు.

వాస్తవాలను దాచి గాని, తప్పుడు సమాచారం ఇచ్చి గాని పొందిన లైసెన్సును సస్పెండు చేసేందుకు, రద్దు చేసేందుకు 17వ సెక్షను అధికారమిచ్చింది. లైసెన్సు రద్దయిన తరువాత కూడా తుపాకీని వద్ద ఉంచుకుంటే అది లైసెన్సు లేని ఆయుధమే అవుతుంది. అటువంటి నేరానికి 2019 సవరణ అనంతరం కనీసం 2 సంవత్సరాలు, గరిష్ఠంగా 5 సంవత్సరాల జైలు శిక్ష, జరిమానా విధించవచ్చు. నకిలీ అద్దె ఒప్పందాలు, నకిలీ ధ్రువపత్రాలు సృష్టించిన వారిపై 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కింద కూడా చర్యలు తప్పవు. "మీరు రానవసరం లేదు, చిరునామా మేమే చూసుకుంటాం" అని చెప్పే మధ్యవర్తులను నమ్మినవారు డబ్బుతో పాటు స్వేచ్ఛను కూడా పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

ఈ పరిస్థితిని నివారించేందుకే జాతీయ స్థాయిలో ఆయుధ లైసెన్సుల సమాచార నిధిని ఏర్పాటు చేసి, ప్రతి లైసెన్సుదారునికి ఒక విశిష్ట గుర్తింపు సంఖ్యను కేటాయిస్తున్నారు. ఒకే వ్యక్తి వేర్వేరు జిల్లాలలో వేర్వేరు చిరునామాలతో లైసెన్సులు పొందడాన్ని అరికట్టేందుకు ఈ ఏర్పాటు ఉపకరిస్తుంది. ఈ సంఖ్య లేని లైసెన్సు చెల్లుబాటు కాదు.

ఆయుధాన్ని వెంట తీసుకువెళ్లడం

లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందన్నది ఆ పుస్తకంలోనే నమోదై ఉంటుంది. ఒక చోట మంజూరైన లైసెన్సు దేశమంతటా చెల్లుతుందని భావించరాదు. పొరుగు రాష్ట్రానికి ప్రయాణమయ్యే ముందు ప్రాంతీయ చెల్లుబాటు వివరాలను సరిచూసుకోవడం లైసెన్సుదారుని బాధ్యత. బహిరంగ ప్రదేశాలలో చేతి తుపాకీని తగిన ఒరలో గాని సంచిలో గాని, బయటకు కనిపించకుండా, తన అదుపులో ఉంచుకొని తీసుకువెళ్లాలి. నలుగురిలో ప్రదర్శించడం నిషిద్ధం. పెళ్లి ఊరేగింపులు, విజయోత్సవాలలో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా వేడుకగా కాల్పులు జరిపితే 2 సంవత్సరాల వరకు జైలు శిక్ష లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించేందుకు 2019 సవరణ వీలు కల్పించింది.

ఎన్నికల వేళ

ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు ఆయుధాల సమీక్ష చేపట్టి, అవసరమైన వారి నుంచి వాటిని జమచేయించుకోవడం ఎన్నికల సంఘం ఆదేశాల మేరకు జరుగుతున్న ప్రక్రియ. జిల్లా స్థాయి పరిశీలక సంఘం బెయిలుపై ఉన్నవారు, నేరచరిత్ర గలవారు, గతంలో ఎన్నికల అల్లర్లలో పాల్గొన్నవారు వంటి వారిని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది. జమచేసిన ఆయుధాలను ఎన్నికల ప్రక్రియ ముగిసిన తరువాత తిరిగి అప్పగిస్తారు. స్టేషనులోని జాబితా నివాసం ఆధారంగా తయారవుతుంది. చిరునామా మార్చుకొని తెలియజేయని లైసెన్సుదారుడు పాత స్టేషను జాబితాలో పేరు ఉండి మనిషి లేనివాడుగా, కొత్త స్టేషను పరిధిలో తుపాకీ ఉండి పేరు లేనివాడుగా మిగులుతాడు. ఎన్నికల బందోబస్తుకు ఇంతకంటే చిక్కైన పరిస్థితి మరొకటి ఉండదు.

విదేశాల నుంచి తిరిగి వచ్చేవారికి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సంఖ్య గణనీయంగా ఉన్నందున ఒక విషయం ఇక్కడ ప్రస్తావించవలసి ఉంది. అక్కడ ఆయుధ ధారణకు రాజ్యాంగ రక్షణ ఉంది. వెంట తీసుకువెళ్లేందుకు సంబంధించిన నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. అక్కడి ఏ రాష్ట్రం ఇచ్చిన అనుమతి పత్రమైనా భారతదేశంలో చెల్లదు. స్వదేశానికి తిరిగి వచ్చి స్థిరపడినవారు ఇక్కడి నివాసాన్ని రుజువు చేసుకొని, ఇక్కడి చట్టం ప్రకారం లైసెన్సు పొందవలసిందే. సెలవులకు వచ్చి కొద్ది వారాలు బంధువుల ఇంట ఉండేవారు ఆ ఇంటిని తమ సాధారణ నివాసంగా చూపడం సరికాదు.

అధికారులు, పాత్రికేయులు గమనించదగిన అంశాలు

క్షేత్రస్థాయి అధికారులు నివాస విచారణను కాగితాల సరిపోలికకే పరిమితం చేయక, చిరునామాను స్వయంగా సందర్శించి నివేదిక రూపొందించడం ముఖ్యం. అదే సమయంలో అద్దె ఇల్లు, పొరుగు జిల్లా పుట్టుక, ఆస్తి లేకపోవడం వంటి చట్టసమ్మతం కాని కారణాలతో అర్హులను వెనక్కు పంపరాదు. నిజమైన ప్రాణభయంతో వచ్చిన వ్యక్తికి సకాలంలో అవునని గాని, కారణాలతో కాదని గాని చెప్పడం పాలనా ధర్మం. కాదన్న ఉత్తర్వు చేతికి అందితేనే ఆయన అప్పీలుకు వెళ్లగలుగుతాడు.

తుపాకీ కాల్పుల ఘటనలపై వార్తలు రాసే పాత్రికేయులు "లైసెన్సు గల తుపాకీ" అన్న మాటతో సరిపెట్టక, ఆ లైసెన్సును ఏ అధికారి జారీ చేశారు, అందులోని చిరునామా ఏది, లైసెన్సుదారుడు ప్రస్తుతం నివసిస్తున్నది అక్కడేనా, గుర్తింపు సంఖ్య ఉందా, గడువు ఉందా, ఘటన జరిగిన ప్రాంతంలో అది చెల్లుతుందా అన్న ప్రశ్నలు వేసుకుంటే వాస్తవ చిత్రం వెలుగులోకి వస్తుంది. ఇదే సందర్భంలో లైసెన్సుదారుల ఇంటి చిరునామాలను ప్రచురించకపోవడం సముచితం. ఆ వివరాలు ఆయుధ చోరీలకు దారి చూపగలవు.

ఊరు, పేరు తెలియని మనిషి చేతిలో తుపాకీ ఉండరాదన్నది సమాజం కోరుకునే భద్రత. ఊరు, పేరు నిజాయతీగా చెప్పుకున్న పౌరుని దరఖాస్తును న్యాయంగా పరిశీలించాలన్నది చట్టం ఇచ్చిన హామీ. నివాస నిబంధన ఈ రెండింటినీ కలిపే ముడి. చిరునామా సత్యమైనంత వరకే ఆ ముడి నిలుస్తుంది.